విండోస్, మ్యాక్, లినక్స్: విశాఖలో ఎవరి పనికి ఏది సరిపోతుంది?

2025 అక్టోబర్ 14న రెండు వార్తలు ఒకేసారి వచ్చాయి. విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఏఐ హబ్ కడతామని గూగుల్ ప్రకటించింది. ఊరంతా దాని గురించే మాట్లాడుకున్నాం. సరిగ్గా అదే రోజు మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి సపోర్ట్ ఆపేసింది. మొదటి వార్త వల్ల మన టేబుల్ మీదున్న కంప్యూటర్‌కి ఒరిగిందేమీ లేదు. రెండో దాని వల్ల మాత్రం ద్వారకానగర్ కంప్యూటర్ షాపుల్లో ఒకటే ప్రశ్న: "ఇంక దీన్ని పక్కన పడేయాల్సిందేనా?"

అక్కర్లేదు. కంప్యూటర్ ఎప్పటిలాగే ఆన్ అవుతుంది. దానికి రావాల్సిన సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం రావు. ఇళ్లలో వాడుకునేవాళ్లకి 2026 అక్టోబర్ 13 వరకు పొడిగింపు ఇచ్చారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే దానికి డబ్బు కూడా కట్టక్కర్లేదు. ఇక విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ జనరేషన్ నుంచి మొదలవ్వాలి. అంటే 2017కి ముందు కొన్న మెషీన్లలో చాలావాటికి ఆ అవకాశం లేదు. షాపుల్లో ఆ చెకింగ్‌ని దాటించి విండోస్ 11 ఎక్కించి ఇచ్చేవాళ్లున్నారు. పని నడుస్తుంది గానీ, అలాంటి మెషీన్లకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఏమీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది.

కాబట్టి ఇప్పుడు చాలామంది ముందున్న దారులివి: కొత్త విండోస్ ల్యాప్‌టాప్ కొనడం, ఇదే సందని యాపిల్ వాళ్ల మ్యాక్‌కి మారడం, లేదా ఉన్న మెషీన్‌లోనే లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేసుకోవడం. షాపులో అడిగితే ప్రాసెసర్, ర్యామ్, ఈఎంఐ గురించి చెబుతారు. నన్నడిగితే అసలు చూడాల్సింది వేరే ఉంది. మీరు తయారుచేసే ఫైలు చివరికి ఎవరి దగ్గరికి వెళ్తుంది? ఆడిటర్‌కా, ప్రింటింగ్ ప్రెస్‌కా, కాలేజీ ల్యాబ్‌కా, వాట్సాప్‌లో అమ్మమ్మకా? అవతలి వాళ్లు దాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌తో తెరుస్తారో తెలిస్తే మీరు ఏది కొనాలో సగం తేలిపోతుంది. మీ ఫైలు మీ ఇల్లు దాటదంటే మాత్రం మీకు ఎవరి మొహమాటమూ లేదు, దేనికైనా మారొచ్చు.

లెక్కల పని చేసేవాళ్లు

ఇది ముందే తేల్చేస్తాను, ఎందుకంటే ఇందులో పెద్దగా ఆలోచించేదేం లేదు. డాబాగార్డెన్స్‌లోనో అక్కయ్యపాలెంలోనో ట్యాక్స్ ప్రాక్టీస్ చేసుకుంటున్నవాళ్లు, షాపు లెక్కలు ట్యాలీలో రాసుకునేవాళ్లు విండోస్ 11లోనే ఉండండి. ట్యాలీప్రైమ్ విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్. మ్యాక్‌లోనో లినక్స్‌లోనో దాన్ని ఏదో ఒక అడ్డదారిలో నడిపించినా, రిటర్న్ వేయాల్సిన ఆఖరి రోజు అది మొరాయిస్తే ఎవర్ని అడుగుతారు?

ట్యాలీ ఒక్కటే అయితే ఏదో ఒకటి చేయొచ్చు. డిజిటల్ సిగ్నేచర్ సంగతి కూడా ఉంది. కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలు (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థలు) జీఎస్‌టీ రిటర్న్‌పై డిజిటల్ సిగ్నేచర్‌తోనే సంతకం చేయాలి. ఆ సిగ్నేచర్ ఉండే యూఎస్‌బీ టోకెన్‌కి ఒక డ్రైవర్, దానికి తోడు పోర్టల్ అడిగే సైనింగ్ సాఫ్ట్‌వేర్, ఈ రెండూ కుదిరితేనే పని అవుతుంది. కొన్ని టోకెన్లకి లినక్స్ డ్రైవర్లు ఉన్నాయి, కానీ ఏదైనా తేడా వచ్చినప్పుడు ఫోన్‌లో సాయం చేసే మనిషికి తెలిసింది విండోసే. సొంత పేరు మీద వ్యాపారం చేసేవాళ్లకి ఓటీపీతో సరిపోతుంది కాబట్టి వాళ్లకి ఈ టెన్షన్ తక్కువ. ఇక మ్యాక్రోలు పెట్టిన ఎక్సెల్ యుటిలిటీలు ఉంటాయి. బటన్ నొక్కితే చెక్ చేసి ఫైలు తయారుచేసి ఇస్తాయే, అవి. వాటిని లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి అన్నీ సరిగ్గా నడుస్తాయని అనుకోవడం ప్రమాదం. అవి ఎక్సెల్ కోసం రాసినవి, ఎక్సెల్‌లోనే వాడాలి.

ఇంటి ఖర్చులు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కల్లాంటివి వేరు. వాటికి గ్నూక్యాష్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చక్కగా సరిపోతుంది. డబుల్ ఎంట్రీ పద్ధతిలోనే ఉంటుంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. జీఎస్‌టీ జోలికి మాత్రం దాన్ని తీసుకెళ్లకండి.

ఉత్తరాలు, బయోడేటాలు, తెలుగు టైపింగ్

ఎక్కువమందికి కావాల్సింది ఇదే, చిక్కులు కూడా ఇక్కడే ఎక్కువ. అందుకని కాస్త వివరంగా చెబుతాను.

మన ఊళ్లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌నీ లిబ్రెఆఫీస్‌నీ పోల్చేటప్పుడు ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. చాలా ఇళ్లలో ఉన్నది కొన్న ఆఫీస్ కాదు, మెషీన్‌తో పాటు షాపువాళ్లు వేసిచ్చిన క్రాక్ కాపీ. "ఏటవుద్దండీ, అందరూ అదే వేయించుకుంటన్నారు" అనే మాట వినని వాళ్లుండరు. ఆ క్రాక్ పనిచేయాలంటే యాంటీవైరస్ ఆపమంటారు, ఎవరు రాశారో తెలియని ఫైలుకి అడ్మిన్ పర్మిషన్ ఇమ్మంటారు. బ్యాంకు లాగిన్లు ఉన్న కంప్యూటర్‌లో ఆ పని చేయడం కంటే, ఒకటి రెండు టేబుళ్లు పక్కకి జరిగినా సరే లిబ్రెఆఫీస్ వేసుకోవడం మేలు. డబ్బు కట్టి ఆఫీస్ వాడుతున్నవాళ్లతో ఈ వాదన పెట్టుకోను. వాళ్లకి మారాల్సిన తొందరేమీ లేదు.

లిబ్రెఆఫీస్ 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయి పుట్టింది. డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని నడుపుతోంది. దాని సొంత ఫార్మాట్ ఓడీఎఫ్ 2006లోనే ఐఎస్‌ఓ స్టాండర్డ్ అయింది. వర్డ్ వాడే డాక్ఎక్స్ ఫార్మాట్ కూడా 2008లో ఐఎస్‌ఓ గుర్తింపు తెచ్చుకుంది. మరి రెండూ స్టాండర్డ్‌లే అయినప్పుడు ఇక్కడ ఒక పేజీలో సరిపోయిన బయోడేటా అక్కడ రెండో పేజీకి ఎందుకు జారుతుంది?

చాలాసార్లు ఫాంట్ వల్ల. వర్డ్‌లో 2007 నుంచి ఏళ్ల తరబడి డిఫాల్ట్‌గా ఉన్న క్యాలిబ్రి ఫాంట్ మైక్రోసాఫ్ట్ సొత్తు, లినక్స్‌తో పాటు రాదు. దాని స్థానంలో ఇంకో ఫాంట్ వచ్చి కూర్చుంటే అక్షరాల వెడల్పు మారుతుంది, వెడల్పు మారితే లైన్లు జారతాయి, లైన్లు జారితే పేజీ పెరుగుతుంది. దీనికి మందు ఉంది. కార్లిటో అనే ఉచిత ఫాంట్‌లో ప్రతి అక్షరం వెడల్పూ క్యాలిబ్రితో సమానంగా ఉండేలా చేశారు. క్యాంబ్రియాకి కలడియా ఉంది. టైమ్స్ న్యూ రోమన్, ఏరియల్‌లకి లిబరేషన్ ఫాంట్లు ఉన్నాయి. ఇవి ఇన్‌స్టాల్ చేసుకుంటే మామూలు ఉత్తరాల్లో గొడవ చాలావరకు తీరుతుంది. 2023 నుంచి కొత్త ఆఫీస్‌లో డిఫాల్ట్ ఫాంట్ ఆప్టోస్ అయింది కాబట్టి, అవతలి నుంచి కొత్త ఫైలు వస్తే ముందు ఏ ఫాంట్ వాడారో చూసుకోండి.

టెక్స్ట్ బాక్సులు, బొమ్మల చుట్టూ తిరిగే అక్షరాలు ఎక్కువగా ఉన్న డాక్యుమెంట్లకి ఓన్లీఆఫీస్ అని ఇంకొకటి ఉంది. అదీ లిబ్రెఆఫీస్‌లాగే ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్‌ని ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. డాక్ఎక్స్‌నే తన సొంత ఫార్మాట్‌గా పెట్టుకుంది కాబట్టి వర్డ్ ఫైళ్ల రూపం అందులో తక్కువ చెదురుతుంది, చూడటానికీ వర్డ్‌లాగే ఉంటుంది. ఆఫీసు నుంచి రోజూ వర్డ్ ఫైళ్లు వస్తూ పోతూ ఉంటే లిబ్రెఆఫీస్ కంటే ఇదే నా మొదటి ఓటు. పెద్ద డాక్యుమెంట్లు మీరే మొదట్నుంచీ తయారుచేసుకుంటే, పాత పాత ఫార్మాట్లు తెరవాల్సి వస్తే లిబ్రెఆఫీస్.

మధ్యలో ఒక మాట. ఈ మధ్య జోహో ఆఫీస్ గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. మన దేశపు కంపెనీ, బాగానే పనిచేస్తుంది, వర్డ్ ఫైళ్లని తీసుకుంటుంది, ఇస్తుంది. కానీ స్వదేశీ వేరు, ఓపెన్ సోర్స్ వేరు. జోహో ఆఫీస్ కూడా ఒక కంపెనీ సర్వర్ల మీద నడిచేదే. దాన్ని గూగుల్ డాక్స్ పక్కన పెట్టి పోల్చండి, లిబ్రెఆఫీస్ పక్కన కాదు.

ఇక తెలుగు. శుభలేఖలు, కరపత్రాలు, సంఘం నోటీసులు డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లలోనే కొడుతున్నారు. ఆ ఫాంట్లు యూనికోడ్ రాకముందు నాటి పద్ధతిలో తయారయ్యాయి. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడ్‌ల స్థానాల్లో తెలుగు ముక్కలని కూర్చోబెడతాయి. ఆ ఫాంట్ ఉన్న మెషీన్‌లో అది ముత్యాల్లాంటి తెలుగు. లేని మెషీన్‌లో డాలర్లు, బ్రాకెట్లు, అర్థంకాని ఇంగ్లీషు ముక్కలు. ఇది విండోస్‌కీ లినక్స్‌కీ మధ్య తగాదా కాదు. విండోస్ నుంచి విండోస్‌కి పంపినా అవతల ఫాంట్ లేకపోతే అదే గతి. గూగుల్‌లో వెతికితే దొరకదు, ఫోన్‌లో చదవలేరు.

యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబర్ ఉంటుంది కాబట్టి ఏ సిస్టంలోనైనా అది తెలుగుగానే కనిపిస్తుంది, ఫాంట్ ఒక్కటే మారుతుంది. అందుకని మీరు దేనికి మారాలనుకున్నా, మారే ముందు చేయాల్సిన మొదటి పని పాత అను ఫైళ్లలో కావాల్సినవాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవడం. కన్వర్టర్లు దొరుకుతాయి. ఒత్తులు, అరసున్నలు, అంకెల దగ్గర అవి తడబడొచ్చు కాబట్టి మార్చాక ఒకసారి ప్రూఫ్ చదవక తప్పదు. పాత మెషీన్ తీసేశాక ఈ పని చేద్దామంటే ఫాంటూ ఉండదు, సరిపోల్చుకోవడానికి ఒరిజినల్ రూపమూ ఉండదు.

"లినక్స్‌లో తెలుగు టైప్ చేయడం కుదురుతుందా" అనే అనుమానం పెట్టుకోకండి. ఐబస్ అనే టూల్‌లో ఎం17ఎన్ ప్యాకేజీ కలిపితే ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, ఆర్‌టీఎస్, పోతన, సరళ కీబోర్డ్ లేఅవుట్లు వస్తాయి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం అలవాటైనవాళ్లకి ఆర్‌టీఎస్ హాయిగా ఉంటుంది. ఫాంట్ల విషయానికొస్తే పోతన2000, వేమన2000 ఉబుంటు, మింట్ అనే లినక్స్ రకాల సాఫ్ట్‌వేర్ భాండారంలోనే ఉన్నాయి. రామభద్ర, మండలి, గిడుగు, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు, మూడు సిస్టంలలోనూ వాడుకోవచ్చు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ముఖ్యమైనది. విండోస్‌లో ఉండే గౌతమి, నిర్మల ఫాంట్లు మ్యాక్‌లో ఉండవు, మ్యాక్‌లోని తెలుగు సంగం ఫాంట్ విండోస్‌లో ఉండదు. ఈ ఉచిత ఫాంట్లలో ఒకటి అందరూ వేసుకుంటే ఎవరి దగ్గరైనా పేజీ దాదాపు ఒకేలా నిలబడుతుంది. లేదంటే ఫైల్‌లోనే ఫాంట్‌ని పొదిగే ఆప్షన్ వర్డ్‌లోనూ ఉంది, లిబ్రెఆఫీస్‌లోనూ ఉంది. దిద్దుబాట్లు అయిపోయిన కాగితమైతే పీడీఎఫ్ చేసి పంపేయండి.

డీటీపీ, ఫ్లెక్సీ పని

సొంతంగా డిజైన్ చేసి సొంతంగా ప్రింట్ తీసుకునేవాళ్లకి ఉచితంగా దొరికేవి చాలు: బొమ్మలు గీయడానికి ఇంక్‌స్కేప్, ఫొటోలకి గింప్, పేజీలు కూర్చడానికి స్క్రైబస్. గింప్ 3.0 చాలా ఏళ్ల ఎదురుచూపు తర్వాత 2025 మార్చిలో వచ్చింది. స్క్రైబస్ 1.6లో తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి, పాత స్థిర వెర్షన్లలో అది కుదిరేది కాదు. అయితే జగదాంబ చుట్టుపక్కల ఫ్లెక్సీ ప్రింటింగ్ వాళ్లకి ఫైలు ఇచ్చి మార్పులు చేయించుకునే పని అయితే, వాళ్లు అడిగేది కోరల్‌డ్రా ఫైలు. ఇంక్‌స్కేప్ పాత కోరల్ ఫైళ్లని కొంతవరకు చదువుతుంది, తిరిగి కోరల్ ఫైలుగా ఇవ్వలేదు. మార్పులు వద్దు, ఉన్నదున్నట్టు ప్రింటు కొట్టండి అనే పని అయితే అక్షరాలన్నిటినీ కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అవసరం లేని బొమ్మ గీతలుగా మార్చి పీడీఎఫ్ ఇస్తే ఎవరి దగ్గరైనా ఒకేలా వస్తుంది. పేజ్‌మేకర్‌లో ఇరవై ఏళ్ల పాత ఫైళ్లు ఉన్న సెంటర్ల వాళ్లకి నా సలహా ఒక్కటే: ఆ మెషీన్‌ని ఇంటర్నెట్ నుంచి తప్పించి పక్కన ఉంచండి, కొత్త పనులు మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టండి.

ఇంజనీరింగ్ పిల్లలకి ల్యాప్‌టాప్

ఏయూ, గీతం, గాయత్రి, ఎక్కడ సీటు వచ్చినా ఇంట్లో జరిగే చర్చ ఒక్కటే. పిల్లవాడు మ్యాక్‌బుక్ అంటాడు, నాన్నగారు ధర అంటారు. కాలేజీ పేరు కంటే ముందు బ్రాంచ్ చూడండి.

కంప్యూటర్ సైన్స్ అయితే దేనిలోనైనా చదువు సాగుతుంది. సర్వర్లలో నడిచేది ఎక్కువగా లినక్స్ కాబట్టి అది చేతికి అలవాటవ్వడం ఉద్యోగానికీ పనికొస్తుంది. దానికోసం విండోస్ తీసేయక్కర్లేదు. డబ్ల్యూఎస్‌ఎల్ అని విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు ఉంది, ఒక్క కమాండ్‌తో దిగిపోతుంది. మ్యాక్‌బుక్ కూడా ఈ బ్రాంచ్‌కి మంచి మెషీన్.

మెకానికల్, సివిల్ వాళ్లకి మాత్రం మ్యాక్ వద్దు. వాళ్లు వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్లు సాలిడ్‌వర్క్స్, రెవిట్, స్టాడ్ ప్రో, ఈట్యాబ్స్ విండోస్‌వి. ఆటోక్యాడ్‌కి మ్యాక్ వెర్షన్ ఉంది గానీ అదొక్కటే సరిపోదు. ఇదివరకు మ్యాక్‌లో బూట్ క్యాంప్‌తో విండోస్ వేసుకునేవాళ్లు. 2020 చివర్లో ఎం1 చిప్ వచ్చినప్పటి నుంచి, ఆ తరహా చిప్‌లున్న మ్యాక్‌లలో ఆ దారి మూసుకుపోయింది. ఈసీఈలో ఎఫ్‌పీజీఏ (మనకి కావాల్సినట్టు సర్క్యూట్ మార్చుకోగల చిప్) పనికి వాడే వివాడో సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, మ్యాక్‌లో నడవదు.

షిప్‌యార్డ్, స్టీల్‌ప్లాంట్ చుట్టూ, ఆటోనగర్ యూనిట్లలో చేతులు మారే డ్రాయింగులు డీడబ్ల్యూజీ ఫైళ్లే. అది ఆటోడెస్క్ సొంత ఫార్మాట్. లిబ్రెక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 2డి డ్రాయింగ్ నేర్చుకోవచ్చు, డీఎక్స్ఎఫ్ అనే ఫార్మాట్‌లో సేవ్ చేసి పంపొచ్చు. ఫ్రీక్యాడ్ 2024 నవంబర్‌లో 1.0 వెర్షన్‌కి చేరింది, 3డి మోడలింగ్ నేర్చుకునేవాళ్లకి, సొంతంగా చిన్న భాగాలు డిజైన్ చేసుకునేవాళ్లకి అది నిజంగా బాగుంది. కానీ అవతలి కంపెనీ పంపిన డీడబ్ల్యూజీ ఫైల్‌లో లేయర్లు, కొలతలు పోకుండా దిద్ది వెనక్కి పంపాల్సిన ఉద్యోగమైతే డబ్బు పెట్టాల్సిందే. లినక్స్ మీదే ఉండాలనుకుంటే బ్రిక్స్‌క్యాడ్ ఉంది, అది డీడబ్ల్యూజీలోనే పనిచేస్తుంది, ఉచితం మాత్రం కాదు.

అడగడం మర్చిపోయేది ఇంకొకటి, పరీక్షలు. ఇంటి నుంచి రాసే ప్లేస్‌మెంట్ టెస్టుల్లో కెమెరాతో కాపలా కాసే సాఫ్ట్‌వేర్లు లినక్స్‌కి ఉంటాయన్న నమ్మకం లేదు. ఉదాహరణకి సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ విండోస్‌కీ యాపిల్ పరికరాలకీ మాత్రమే ఉంది. అందుకే విద్యార్థులకి లినక్స్ ఒక్కటే పెట్టమని చెప్పను, రెండూ ఉంచుకోమంటాను.

యాపిల్ ఇల్లు, ఆండ్రాయిడ్ ఇల్లు, కలగలుపు ఇల్లు

మన ఇళ్లలో అందరికీ ఒకే కంపెనీ ఫోన్లు ఉండటం అరుదు. యాపిల్ వస్తువులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు నిజంగానే సుఖంగా ఉంటుంది. అందులో ఒక్కటి బయటి కంపెనీది కాగానే అల్లుడితో పాటు వచ్చిన స్నేహితుడికి అత్తారింట్లో జరిగే మర్యాద మొదలవుతుంది: కాఫీ ఇస్తారు, లోపలి గదిలోకి రానివ్వరు. ఎయిర్‌పాడ్స్ ఆండ్రాయిడ్‌కి మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలా పనిచేస్తాయి. యాపిల్ వాచ్ అయితే ఆండ్రాయిడ్‌తో అసలు పనిచేయదు. శాంసంగ్ తక్కువేం తినలేదు, గెలాక్సీ వాచ్ 4 నుంచి ఐఫోన్‌తో కుదరదు. కాబట్టి వాచ్ కొనే ముందు ఫోన్ ఏదో తేల్చుకోండి.

ఫోన్ మార్చేటప్పుడు అందరికీ భయం వాట్సాప్ గురించే. ఆండ్రాయిడ్‌లో బ్యాకప్ గూగుల్ అకౌంట్‌లోకి, ఐఫోన్‌లో ఐక్లౌడ్‌లోకి వెళ్తుంది, ఒకదానిది ఇంకోదాంట్లో తెరుచుకోదు. కేబుల్‌తోనో వైఫైతోనో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి నేరుగా మార్చే పద్ధతి ఉంది, కొత్త ఫోన్ మొదటిసారి సెట్ చేసేటప్పుడే అది చేయించుకోవడం మంచిది. డబ్బు పెట్టి కొన్న యాప్‌లు మాత్రం ప్లే స్టోర్ నుంచి యాప్ స్టోర్‌కి రావు.

ఐఫోన్‌లో తీసిన ఫొటోలు హెచ్ఈఐసీ ఫార్మాట్‌లో ఉంటాయి. స్టూడియో వాళ్ల పాత విండోస్ మెషీన్‌లో తెరుచుకోక తిరిగి రావాల్సి వస్తుంది. సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌కి వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' పెడితే అప్పటి నుంచి జేపెగ్‌లో వస్తాయి. ఇంట్లో రకరకాల ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఉంటే లోకల్‌సెండ్ వేసుకోండి. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిటిలో నడిచే ఓపెన్ సోర్స్ యాప్ అది. ఒకే వైఫై మీద ఉంటే చాలు, ఇంటర్నెట్ లేకపోయినా ఫైళ్లు వెళ్తాయి, పెళ్లి వీడియోలు కూడా వాట్సాప్‌లోలాగా నాణ్యత తగ్గకుండా వెళ్తాయి. ఈ ఒక్క యాప్ గురించి చెప్పినందుకు నాకు థ్యాంక్స్ చెప్పినవాళ్లు లినక్స్ గురించి చెప్పినందుకు చెప్పలేదు.

హార్డ్ డిస్క్ సంగతి కూడా ఇక్కడే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. అది చూసినవాళ్లెవరూ ఫొటోలన్నీ ఒక్క చోటే పెట్టరు. క్లౌడ్‌లో ఒక కాపీ, బయటి డిస్క్‌లో ఒక కాపీ ఉంచుకోండి. ఆ డిస్క్ ఏ ఫార్మాట్‌లో ఉందో చూసుకోండి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని మ్యాక్ చదువుతుంది గానీ అందులో రాయలేదు. మ్యాక్‌లో బ్యాకప్ తీసే టైమ్ మెషీన్ వాడే డిస్క్‌ని విండోస్ గుర్తుపట్టదు. ఎక్స్‌ఫ్యాట్ అయితే మూడింటిలోనూ చదవొచ్చు, రాయొచ్చు. మైక్రోసాఫ్ట్ 2019లో దాని స్పెసిఫికేషన్ బయటపెట్టాక లినక్స్ కెర్నల్‌లోనే అది కలిసిపోయింది. పాత ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, పెళ్లి వీడియో దగ్గరే ఆగిపోతుంది.

పాత మెషీన్‌కి లినక్స్

మీ పని బ్రౌజర్, ఉత్తరాలు, సినిమాలు, వీడియో కాల్స్ దగ్గర ఆగిపోతే, పాత మెషీన్ ఇంకా గట్టిగా ఉంటే, లినక్స్ మింట్ వేయండి. విండోస్ అలవాటున్నవాళ్లకి చూడగానే దారి తెలుస్తుంది. మింట్ 22 సిరీస్‌కి 2029 వరకు అప్‌డేట్లు ఉంటాయి. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించి, ర్యామ్ 8 జీబీ చేయిస్తే ఆ మెషీన్ కొత్తగా కొన్నట్టే తిరుగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే, అది బీచ్ రోడ్ వైపు ఫ్లాట్లలో వాడిందైతే యూఎస్‌బీ పోర్టుల్లో తుప్పు ఉందేమో టార్చ్ వేసి చూడండి. ఉప్పుగాలి లోపలి బోర్డుని కూడా వదలదు.

ఎక్కించే ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, హార్డ్ డిస్క్ జోలికి వెళ్లదు. అలా నడుపుతూ వైఫై, సౌండ్, కెమెరా, బ్యాంక్ వెబ్‌సైట్, తెలుగు టైపింగ్, అన్నిటికంటే ముఖ్యంగా ప్రింటర్ చెక్ చేయండి. ఎందుకంటే ఆఖర్లో దెబ్బకొట్టేది అదే. జిరాక్స్ షాపుల్లో, ఇళ్లలో ఇప్పటికీ కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 లాంటి పాత లేజర్ ప్రింటర్లు క్యాప్ట్ అనే సొంత పద్ధతిలో మాట్లాడతాయి. లినక్స్‌లో వాటిని దారికి తేవడం తలనొప్పి. హెచ్‌పీ ప్రింటర్లలో చాలావాటికి హెచ్‌ప్లిప్ అనే డ్రైవర్ ఉంది, కొన్నిటికి ఒక అదనపు ప్లగిన్ అడుగుతుంది. కొత్త ప్రింటర్ కొంటుంటే పెట్టె మీద ఎయిర్‌ప్రింట్ అని ఉందో లేదో చూడండి. ఉంటే యాపిల్ పరికరాలతోనే కాదు, లినక్స్‌తో కూడా డ్రైవర్ లేకుండా పనిచేసే అవకాశం చాలా ఎక్కువ.

ఆటలు ఆడే పిల్లలుంటే వాళ్లని కూడా అడగండి. స్టీమ్ అనే ఆటల స్టోర్‌లో ఉన్న చాలా ఆటలు ప్రోటాన్ అనే టూల్ పుణ్యమా అని లినక్స్‌లో నడుస్తున్నాయి, వాలొరెంట్ లాంటివి నడవవు. అది తెలియకుండా లినక్స్ వేస్తే ఇంట్లో గొడవే.

సిస్టం కంటే ముందు సాఫ్ట్‌వేర్ మార్చండి

జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ దాదాపు 15,000 కంప్యూటర్లని లినక్స్‌కి మార్చి, 2017లో మళ్లీ విండోస్‌కి వెళ్లాలని తీర్మానించింది. మన పక్కన కేరళలో ప్రభుత్వ పాఠశాలలు మాత్రం కైట్ సంస్థ తయారుచేసిన లినక్స్‌తోనే ఏళ్లుగా నడుస్తున్నాయి. బడిలో ఫైలు టీచర్ నుంచి పిల్లలకి, పిల్లల నుంచి టీచర్‌కి తిరుగుతుంది, అందరిదీ ఒకే సిస్టం. నగరపాలక సంస్థ అలా కాదు, ఊరంతటితో కాగితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. మొదట్లో అడిగిన ప్రశ్న ఇక్కడా అదే పనిచేస్తుంది.

అందుకని ఎటూ తేలనివాళ్లకి నేను చెప్పే వరుస ఇది. ఈ రోజు విండోస్‌ని కదపకండి. దాని మీదే లిబ్రెఆఫీస్ లేదా ఓన్లీఆఫీస్, బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్, మెయిల్‌కి థండర్‌బర్డ్, వీడియోలకి వీఎల్‌సీ, ఫొటోలకి గింప్, పాస్‌వర్డ్‌లకి బిట్‌వార్డెన్ వేసుకుని వాడండి. ఇవన్నీ మూడు సిస్టంలలోనూ నడుస్తాయి. ఏ పనికి పాత సాఫ్ట్‌వేర్ తప్పనిసరిగా తెరవాల్సి వస్తోందో ఒక కాగితం మీద రాసుకోండి. రెండు మూడు నెలలకి ఆ కాగితం ఖాళీగా ఉంటే కింద ఉన్న విండోస్‌ని మార్చినా మీకు పెద్ద తేడా తెలియదు. అందులో ట్యాలీనో కోరల్‌డ్రానో మిగిలితే మీకు కావాల్సింది విండోస్ 11, లేదా రెండూ పక్కపక్కన ఉండే డ్యూయల్ బూట్.

డ్యూయల్ బూట్ చేయించుకునేవాళ్లు పని మొదలుపెట్టే ముందు, డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి (తాళం వేసినట్టు) ఉంచే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. 2024 చివరి నుంచి వస్తున్న విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. బూట్ సెట్టింగ్స్ మార్చగానే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో డివైసెస్ కింద ఉంటుంది. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని, కాగితం మీద కూడా రాసుకుని, ఆ తర్వాతే షాపువాళ్ల చేతికి ల్యాప్‌టాప్ ఇవ్వండి.